నేలకు దించే చేతులు

పాలరేవు ఫ్లయింగ్ క్లబ్బులో రేడియో ఆపరేటరుగా పనిచేసినన్నాళ్ళూ సువార్త విమానాలను కళ్ళతో కంటే చెవులతోనే ఎక్కువ చూసింది. చక్రాలు కాంక్రీటును తాకిన చప్పుడు వింటే చాలు, దిగింది ఎవరో చెప్పేసేది. కొత్త పిల్లలు దిగితే ఎవరో కోపంగా తలుపు వేసినట్టుండేది. కాస్త నేర్చినవాళ్ళు దిగితే చక్రాలు కీచుమని ఒకసారి లేచి, మళ్ళీ కీచుమనేవి. ఆమె భర్త కెప్టెన్ దైవసహాయం దిగినప్పుడు మాత్రం ఏమీ వినిపించేది కాదు. ఇంజను గొంతు తగ్గేది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూసేసరికి విమానం నేలమీద నెమ్మదిగా పరిగెడుతూ ఉండేది.

అది యుద్ధకాలంలో వేసిన రన్‌వే. సముద్రం వైపు సరుగుడు తోపు, ఇవతలి వైపు ఉప్పు మళ్ళు. యుద్ధం అయిపోయాక చాలా ఏళ్ళు చుట్టుపక్కల వాళ్ళు దానిమీద మిరపకాయలు ఎండబోసుకున్నారు. తర్వాత క్లబ్బు వచ్చింది. సువార్త ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్నవి రెండు విమానాలు, రెక్కలకు గుడ్డ కప్పినవి. విమానం దిగే ముందు మేకల్ని తోలడం కూడా రేడియో ఆపరేటరు పనే. మైకు కింద పెట్టి కర్ర పట్టుకుని పరిగెత్తేది. తిరిగొచ్చి రొప్పుతూ "రన్‌వే ఖాళీ" అని చెబితే, పైనుంచి దైవసహాయం గొంతు "మేకలేమన్నాయి?" అని అడిగేది. క్లబ్బులో అందరూ ఆ ముక్కకు నవ్వుకునేవాళ్ళు. అలా మొదలైన మాటలే చీరాల చర్చిలో పెళ్ళి దాకా నడిచాయి.

ఇప్పుడు ఆ గుడ్డ రెక్కల విమానాలు లేవు. మేకలు రాకుండా కంచె వేశారు. క్లబ్బు పెద్ద శిక్షణ కేంద్రమైంది. సువార్త రిటైరైంది కానీ సాయంత్రాలు రేడియో గది ముందున్న బల్లమీద కూర్చోవడం మానలేదు. దైవసహాయం జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆయన ఇంకా పిల్లలకు ఎగరడం నేర్పుతూనే ఉన్నాడు.

కిందటి వేసవిలో సుహాస్ పోయాడు.

తెనాలి కుర్రాడు. నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. ఆ మధ్యాహ్నం ఒంటరిగా విమానం తీసుకెళ్ళాడు. దిగే వేళకు సముద్రపు గాలి రన్‌వేకు అడ్డంగా కొడుతోంది. చక్రాలు నేలను తాకగానే విమానం పైకి ఎగిరింది. బెదిరిపోయి ముక్కును కిందికి తోశాడు. ముందు చక్రం నేలను కొట్టింది. విమానం ఈసారి ఇంకా ఎత్తుకు ఎగిరింది. బల్లమీదున్న సువార్త లేచి నిలబడింది. "తోయకు నాన్నా, తోయకు. ఇంజను పెంచు, పైకెళ్ళిపో" అని గొణిగింది. వాడు మళ్ళీ తోశాడు. ఆ తర్వాతి చప్పుడు విన్నాక ఆమె చాలా రోజులు ఆ బల్ల దగ్గరికి రాలేకపోయింది.

సుహాస్ వాళ్ళ నాన్న వచ్చి కొడుకు సామాన్లు తీసుకెళ్ళాడు. ఎవరినీ ఏమీ అనలేదు. గేటు దగ్గర దైవసహాయం చేతులు పట్టుకుని, "మీ గురించి రోజూ చెప్పేవాడండీ" అన్నాడు. ఆ మాట దైవసహాయాన్ని కుదురుగా ఉండనివ్వలేదు. అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకునేవాడు.

"చెప్పగలిగినవన్నీ వాడికి చెప్పాను సువార్తా. ఎంత ఎత్తులో ఉండాలో చెప్పాను, ఎంత వేగంలో రావాలో చెప్పాను. నేల దగ్గరికి రాగానే ముక్కు మెల్లగా ఎత్తాలన్నాను. మెల్లగా అంటే ఎంత? అది నోటితో చెప్పలేకపోయాను. నా చేతికి తెలుసది. నాకే తెలీదు."

డాక్టర్ నీలవేణి పాలరేవుకు వచ్చింది ఆ రోజుల్లోనే. విశాఖపట్నంలో మెదడు మీద పరిశోధన చేసే మనిషి. మాటలు తక్కువ, కాఫీలు ఎక్కువ. చేతికి వచ్చిన విద్యను ఒకరి మెదడు నుంచి అచ్చు తీసి, ఇంకొకరి చేతులకు అందించే యంత్రం తయారుచేసింది. వీణ మీదా కుట్టుపని మీదా ప్రయత్నించి చూసిందట. ఇప్పుడు ప్రాణాలు నిలబెట్టే విద్య ఒకటి కావాలంది. దైవసహాయం పూర్తిగా వినకుండానే సరేనన్నాడు.

విమానాలు నిలిపే పాత హ్యాంగరు పక్కగదిలో యంత్రం పెట్టారు. ఆయన పడక కుర్చీలో వెనక్కి వాలితే తలకు తీగల టోపీ తొడిగేవారు. చేతిలో విమానం నడిపే కర్రలాంటిది ఒకటి ఉండేది. కళ్ళు మూసుకుని, తన జీవితంలో అన్నిటికంటే బాగా దిగిన రోజును గుర్తు చేసుకోవాలి. ఆయన వేళ్ళు వాటంతటవే కదిలేవి. పక్కనున్న తెరమీద గీతలు పాకేవి.

"గుర్తు చేసుకుంటేనే జ్ఞాపకం మెత్తబడుతుందమ్మా" అని చెప్పింది నీలవేణి, గుమ్మంలో నిలబడి చూస్తున్న సువార్తతో. "బెల్లం మళ్ళీ వేడి చేస్తే పాకమవుతుంది చూడండి, అలా. ఆ మెత్తగా ఉన్న కాసేపట్లోనే అచ్చు తీసుకోవాలి. తర్వాత మళ్ళీ గట్టిపడుతుంది."

"అచ్చుకి కొంత అంటుకుపోదూ?"

నీలవేణి ఆమె వైపు తిరిగి చూసింది. "అంటుకుంటుంది. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను. సార్‌కి ముందే చెప్పాను."

"నెయ్యి రాస్తే అంటుకోదు."

"ఆ నెయ్యి ఇంకా దొరకలేదమ్మా" అంది నీలవేణి. నవ్వులాట మాటే గానీ ఇద్దరూ నవ్వలేదు.

మొదటి అచ్చు మామూలుగా దిగడానికి. రెండోది, చక్రాలు తాకి విమానం ఎగిరినప్పుడు బెదరకుండా ముక్కును అలాగే నిలిపి, ఇంజను పెంచి మళ్ళీ పైకి వెళ్ళడానికి. పిల్లలు వేళ్ళకు సన్నటి తొడుగులూ, మెడ వెనక ఒక పట్టీ వేసుకుని గురువు పక్కన కూర్చుని ఎగిరేవారు. నేల దగ్గరపడగానే వాళ్ళ వేళ్ళకు దైవసహాయం వేళ్ళ కదలిక తెలిసేది. కొన్నాళ్ళు పోయాక తొడుగులు తీసేసినా చేతులు మరిచిపోయేవి కావు. ఆ వానాకాలమంతా రన్‌వే మీద చక్రాల చప్పుడు మెత్తబడుతూ వచ్చింది. బల్లమీద కూర్చున్న సువార్తకు, ఒక్క మనిషే రకరకాల విమానాల్లో దిగుతున్నట్టు ఉండేది.

పిల్లల్లో ఒక చిత్రమైన సంగతి బయటపడింది. తొడుగులతో బాగా దిగిన ప్రతిసారీ వాళ్ళకు ఎందుకో బెంగ కలిగేది. నంద్యాల అమ్మాయి అఫ్రోజ్ ఒకరోజు విమానం దిగి వచ్చి, హెడ్‌సెట్లు పెట్టే గదిలో నిలబడి ఏడ్చింది.

"ఏమైందమ్మా, భయం వేసిందా?" అని అడిగింది సువార్త.

"భయం కాదమ్మా. బాగానే దిగినా. ఏడుపొస్తా ఉంది, ఎందుకో తెల్లేదు. ఎక్కడో ఒకచోటికి పోవాలనిపిస్తా ఉంది. మా ఊరు మాత్రం కాదు. తడి గడ్డి వాసన, ఆముదం కాలిన వాసన వస్తా ఉంది. నేను ఎప్పుడూ చూడని చోటు."

సువార్తకు ఆ వాసన తెలుసు. పాత విమానాల ఇంజన్లలో ఆముదం పోసేవారు. ఆ వాసన ఈ అమ్మాయి పుట్టకముందే పాలరేవులో ఆగిపోయింది.

చేతి విద్యను, అది నడిచిన రోజు జ్ఞాపకం నుంచి విడదీయడం కుదరడం లేదని నీలవేణి ఒప్పుకుంది. విద్యతోపాటు ఆ రోజు కూడా కొంత వచ్చేస్తోంది. పిల్లలకు వస్తున్నదంతా దైవసహాయంలోంచి పోతున్నదే.

ఇంట్లో ఆ పోవడం సువార్తకు ముందే కనిపించింది. ఆదివారం భోజనాల దగ్గర ఆమె మాటల మధ్యలో పాత ఇన్‌స్ట్రక్టరు ఫెర్నాండెజ్‌ను తలుచుకుంది. ఆ గోవా మనిషే దైవసహాయానికి ఎగరడం నేర్పాడు. తప్పు దిగితే టోపీతో మొట్టేవాడు. ఆ కథ దైవసహాయం ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"ఎవరు?" అన్నాడాయన, చేపముల్లు తీస్తూ.

 ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళ కుళాయి తిప్పి కాసేపు అక్కడే నిలబడింది.

అక్టోబరులో ఒకరోజు ఆయన ఒక్కడే విమానం తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు చక్రాలు దడాలున తగిలాయి. విమానం లేచింది, మళ్ళీ తగిలింది. విమానానికి ఏమీ కాలేదు. ఆయన ఇంజను ఆపి, దిగకుండా చాలాసేపు లోపలే కూర్చున్నాడు. సువార్త నడిచి వెళ్ళి రెక్క కింద నిలబడితే అప్పుడు తలుపు తీశాడు.

"నేల ఎక్కడుందో తెలియలేదు సువార్తా" అన్నాడు. "కనిపిస్తోంది. తెలియడం లేదు."

ఆ రోజు నుంచి ఆయన కేవలం నేలమీదే పాఠాలు చెప్పాడు.

మూడో అచ్చు మిగిలిపోయింది, అడ్డగాలిది. సుహాస్‌ను తీసుకెళ్ళింది ఆ గాలే. నీలవేణి మాత్రం ఇక వద్దంది. "ఉన్న రెండూ చాలు. ఈసారి ఏం పోతుందో నేను చెప్పలేను" అంది. దైవసహాయం వినేట్టు లేడు. సాయంత్రం వరండాలో భార్య పక్కన కూర్చుని మాట మొదలుపెట్టాడు.

"నీకు చెప్పకుండా ఇవ్వను. అందులో నువ్వూ ఉండొచ్చు."

"ఉండొచ్చు కాదండీ, ఉంటాను. మీరు దిగిన ప్రతిసారీ నేను ఇక్కడే ఉన్నాను." ఆమె గొంతు లేచింది. "మీలోంచి ఫెర్నాండెజ్ గారు పోయారు. రేపు నన్ను చూసి కూడా 'ఎవరు?' అంటారు. ఆ ముసలాయన టోపీ గురించి ఇప్పుడు నేను ఎవరితో చెప్పుకుని నవ్వాలి? మీ జ్ఞాపకాలని మీరంటున్నారు. సగం నావి."

ఆయన వాదించలేదు. "అయితే వద్దు" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

క్రిస్మస్ వెళ్ళాక ఒక మధ్యాహ్నం అఫ్రోజ్ ఒంటరిగా ఎగిరింది. ఆమె పైనుండగానే సముద్రపు గాలి మొదలైంది. సరుగుడు చెట్లు ఉప్పు మళ్ళ వైపు వంగడం సువార్త చూసింది. విమానం ఉత్తరం నుంచి వస్తూ పక్కకు కొట్టుకుపోయింది. చక్రాలు తగిలి ఎగిరింది. అఫ్రోజ్ ముక్కు తోయలేదు. అలాగే నిలిపి, ఇంజను పెంచి పైకి వెళ్ళింది. అది దైవసహాయం చెయ్యి. మళ్ళీ తిరిగి వచ్చింది, మళ్ళీ గాలి తోసేసింది, మళ్ళీ పైకి వెళ్ళింది. ఎంతసేపని తిరుగుతుంది, ఇంధనం అయిపోదూ? చివరికి రన్‌వే అంచున దిగి, గడ్డిలోకి జారి, కుడి రెక్క చివర నేలకు రాసుకుంటూ సగం చుట్టు తిరిగి ఆగిపోయింది.

సువార్త ఆ వయసులో పరిగెత్తగలనని అనుకోలేదు. అందరికంటే ముందు ఆమే చేరింది. పిల్ల బెల్టు విప్పుకోలేక పెనుగులాడుతోంది. నుదురు చిట్లి రక్తం కారుతోంది.

"గాలి అర్థం కాలేదమ్మా" అంది అఫ్రోజ్. "చెయ్యికి మిగతావన్నీ తెలుసు. గాలి తెలీదు."

సువార్త తన పైట చెంగుతో ఆ నెత్తురు అద్దింది. ఆమెకు తెనాలి నుంచి వచ్చిన ఆ తండ్రి గేటు దగ్గర నిలబడిన తీరు గుర్తొచ్చింది. మర్నాడు కాఫీ ఇస్తూ భర్తతో, "డాక్టరమ్మకి ఫోను చేయండి" అంది.

"నిజంగానా?"

"నా మనసు మారేలోపు చేయండి."

మూడో అచ్చు తీసిన రోజు ఆమె గుమ్మంలో నిలబడలేదు, కుర్చీ పక్కనే కూర్చుంది. టోపీ తొడగక ముందు, "ఏ రోజును తలుచుకుంటారు?" అని అడిగింది.

"నాకూ తెలీదు. అడ్డగాలి అని మనసులో అనుకుంటాను. ఏది వస్తే అది" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాడు. తెరమీద గీతలు పాకడం మొదలైంది. ఎడమ మణికట్టు కొంచెం వంగింది, పాదం మెల్లగా నేలను నొక్కింది. అంతకుముందు రెండుసార్లూ ఆయన ముఖంలో ఏమీ కనిపించలేదు. ఈసారి పెదవుల మీద నవ్వు వచ్చింది. కుర్రవాడి నవ్వు. సువార్త ఆ నవ్వునే చూస్తూ కూర్చుంది. యంత్రం ఆగింది. నవ్వు కాసేపు అలాగే ఉండి, ఎందుకు వచ్చిందో తెలియనట్టు మెల్లగా పోయింది.

"ఏం కనిపించింది?"

ఆయన కళ్ళు తెరిచి పైకప్పు వంక చూశాడు. "ఏమో" అన్నాడు. "ఇప్పటిదాకా ఇక్కడే ఉంది."

ఇంటికి వచ్చాక ఆమె ఒక్కొక్కటీ అడిగి చూసింది. పెళ్ళి గుర్తుంది. పెళ్ళి రోజు కరెంటు పోయిన సంగతీ గుర్తుంది. పెద్దపిల్ల పుట్టిన వానరోజు గుర్తుంది. ఆయన తండ్రి పోయిన ఉదయం గుర్తుంది. ఆమె వేలికి గాజుపెంకు గుచ్చుకున్న సంగతి కూడా గుర్తుంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. అయినా మనసు కుదుటపడలేదు. ఇంట్లో దొంగలు పడి, బీరువా తెరిచి చూస్తే ఏం పోయిందో తెలియనట్టుగా ఉంది. పోయింది మాత్రం నిజం. ఆ నవ్వు ఆమె చూసింది.

ఫిబ్రవరి చివరికల్లా అఫ్రోజ్ నుదుటి మీద గాయం మానింది. క్లబ్బులోని ఇంకో గురువు పక్కన కూర్చుని తొడుగులతో అడ్డగాలిలో ఎన్నోసార్లు దిగింది. తర్వాత తొడుగులు లేకుండా. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఒంటరిగా వెళ్తానంది. గాలి జోరుగా ఉంది. దైవసహాయం ఆమెను ఆపలేదు. సువార్త పక్కన వచ్చి బల్లమీద కూర్చున్నాడు. నీలవేణి గోడకు ఆనుకుని నిలబడింది, చేతిలో కాఫీ చల్లారిపోతోంది.

విమానం ఉత్తరం నుంచి వచ్చింది. గాలికి ఎడమ రెక్క వంచి, ఆ పక్కకే ఒరిగి కొంచెం కొంచెంగా కిందికి దిగింది. గాలి ఒక్కసారి విసిరితే రెక్క ఇంకాస్త వంగింది, తగ్గగానే సర్దుకుంది. ఎడమ చక్రం తాకింది. ఆ ఒక్క చక్రం మీదే కాసేపు పరిగెత్తి, కుడి చక్రం దించింది, ఆ తర్వాత ముందుది. నీలవేణి కప్పు కిటికీ అంచున పెట్టి ముఖం తుడుచుకుంది.  దైవసహాయం సువార్త చెయ్యి పట్టుకున్నాడు.

అఫ్రోజ్ అందరి అభినందనలూ అయ్యాక వాళ్ళ దగ్గరికి వచ్చింది. తడబడుతూ నిలబడింది.

"అమ్మా, మీకు ఊదా రంగు చీర ఉండేదా?"

"ఉండేది. మా అమ్మ కొనిపెట్టింది. ఎందుకు?"

"దిగేటప్పుడు రన్‌వే ఆ కొనలో ఒకామె కనపడతా ఉంది. తొడుగులు వేసుకున్నప్పటి నుంచీ. మీరేమో అనుకున్నా, అడిగేదానికి సిగ్గయింది." ఆమె దైవసహాయం వంక చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. ఆయన తలూపాడు. "గాలి ఎటు కొడతా ఉందో చూపించే సంచి స్తంభం ఉంటుందే, దాని కింద కూర్చోని ఉంది. స్తంభం మీద సంచి లేదు. ఆమె ఒళ్ళో ఉంది. చిరిగిపోయినట్టుంది, సూదితో కుట్టుకుంటా ఉంది."

సువార్త జ్ఞాపకాల్లో వెతికింది. సముద్రపు గాలికి ఆ సంచి ఏటేటా చిరిగేది. ఏటేటా తనే దించి కుట్టేది. ఏ రోజో మాత్రం తెలియలేదు.

"సంచి లేకుంటే పైనుండే మనిషికి గాలి ఎట్ల తెలిసేది? సార్ ఆమె కొంగు చూసినాడు. కొంగు ఉప్పు మళ్ళ వైపు ఎగురుతా ఉంది. అది లేస్తే రెక్క వంచినాడు, పడిపోతే వదులు చేసినాడు. కింద నేలను చూడనే లేదమ్మా. దిగేదాకా ఆ కొంగునే చూసినాడు. నాకు గాలి అర్థమైంది అప్పుడే."

దైవసహాయం ముందుకు వంగి కూర్చున్నాడు. ఎవరో తెలియని మనిషి కథ వింటున్నట్టు, వదలకుండా వింటున్నాడు.

"ఆమె తలెత్తి చూసిందా?" అంది సువార్త.

"లేదమ్మా. దారం పళ్ళతో కొరుకుతా ఉంది. విమానం పక్కనించి పోయినా చూడలేదు."

"మరి... ఆయనకి ఏమనిపించింది?"

అఫ్రోజ్ తల దించుకుంది. "కొంచెం కోపం వచ్చింది. ఇంత బాగా దిగితే చూడలేదే అని. ఆ తర్వాత ఏమనిపించిందంటే... ఎక్కడికి ఎగిరి పోయినా మళ్ళీ ఈ రన్‌వే మీదికే దిగాల, ఆమె ఉండే చోటికే, అని."

 సువార్త కళ్ళు తుడుచుకుని భర్త వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళలో ఈ ముక్క నాతో ఒక్కసారీ అనలేదు మీరు."

"ఎందుకనలేదో నాకేం తెలుసు సువార్తా" అన్నాడాయన. "అది తెలిసినవాడు ఇప్పుడు నాలో లేడు." రన్‌వే దక్షిణపు కొన వైపు కాసేపు చూశాడు. అక్కడ ఎండలో కాంక్రీటు మెరుస్తోంది తప్ప ఇంకేమీ లేదు. "మంచి రోజే అయ్యుంటుంది" అన్నాడు.

సువార్త బల్లమీద జరిగి, తమ ఇద్దరి మధ్యా అమ్మాయికి చోటు చేసింది.

"కూర్చో అమ్మా" అంది. "నాకూ గుర్తులేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పు."